పాతవాద్యమునకు సాక్ష్యము



ఆదోని పత్తిబజారులో అనుభవముగల వ్యాపారి బేరమునకు ముందు ఏమి చేయునో మీరెఱుగుదురు. బోరెమునుండి చిటికెడు దూది తీసి, వ్రేళ్లనడుమ మెల్లగా లాగి, పింజ పొడవెంతో, బిగువెంతో గ్రహించును. ఎమ్మిగనూరి నేతపెద్ద చేతికి చీర నిచ్చినచో ఆయన పైమెఱుగును చూచి మోసపోడు. మడత విప్పి, వెనుకవైపు త్రిప్పి, పోగులు పరికించి, అది చేమగ్గపు నేతయో మరమగ్గపు నేతయో చెప్పును. వస్తువు తన్నుగూర్చి తానే సాక్ష్యము చెప్పుకొనును. వినుటకు అలవడిన చెవి యుండవలెను. నేటి ప్రసంగమునకు విషయమైన పాతవాద్యముల పరీక్షయు ఇట్టి విద్యయే.

నేను వైణికుడను గాను. పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున తర్కశాస్త్రము కొంత చదివితిని గనుక, ఎవరైనను ఒక వస్తువును చూపి “ఇది మూడువందలయేండ్లనాటిది” అనిన, “ప్రమాణమేమి?” యని యడుగుట నాకు అలవాటయ్యెను. ఈ ప్రశ్నను మన వీణలకును తంబురాలకును వేయునపుడు ఏ విధమైన యుత్తరము లభించునో విచారింతము. దానికి ముందు, ఇట్టి ప్రశ్నకు మిక్కిలి చక్కని యుత్తరము నిచ్చు నొక పరదేశవాద్యమును చూచుట మేలు. అది అమెరికా గిటారు.

గిటారనగా, సాధారణముగా ఆఱు తీగెల వాద్యము. నడుము సన్నగిలిన చెక్కపెట్టె, దానికి పొడవైన మెడ, మెడపై లోహపు మెట్లు. చలనచిత్రములలో యువకులు ఱొమ్మున కానించుకొని మీటుట మీరు చూచియే యుందురు. మెట్లును, మీటు తీగెలును గలది యగుటచే మన వీణకు దూరపుచుట్ట మనవచ్చును. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు, అచ్చట పాతగిటారులను వెదకి కొని భద్రపఱచువారు అనేకులు గలరనియు, వాని వయస్సును నిర్ణయించుటయే వృత్తిగా గల పరీక్షకులు గలరనియు వ్రాసి, కొన్ని గ్రంథములను పంపెను. వానిని చదువుచుండగా, వారి పద్ధతి మన నైయాయికుల పద్ధతికి మిక్కిలి దగ్గఱగా నున్నట్లు నాకు తోచినది.

అమెరికా గిటారులలో మిక్కిలి ప్రసిద్ధమైనవి మార్టిన్ వంశమువారివి. క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ అను శిల్పి జర్మనీలోని సాక్సనీసీమలో 1796వ సంవత్సరమున జన్మించి, 1833లో న్యూయార్కునకు వలస వచ్చెను. కొన్నియేండ్లకు పెన్సిల్వేనియారాష్ట్రమున నాజరెత్ అను చిన్నయూరికి తరలిపోయెను. ఆ కర్మశాల నేటికిని అచ్చటనే నడచుచున్నది. వారు 1898నుండి ప్రతి గిటారునకును వరుసగా నొక సంఖ్యను వేయసాగిరి. మొదటి సంఖ్య 8000. నేడు గిటారు లోపలి సంఖ్యను చదివిన, అది యే సంవత్సరమున పుట్టినదో ఇంటిలో కూర్చుండియే తెలిసికొనవచ్చును. ఆ సంస్థవారు 1933 మొదలు 1942 వఱకు చేసిన డి-45 అను రకపు గిటారులు సరిగా 91 అని యెఱుగుదుము. లెక్క యున్నది గనుకనే అవి అరుదని యెఱుగుదుము. లెక్కలేనిచో అరుదైనదానికిని సామాన్యమైనదానికిని భేద మెట్లు తెలియును?

ఇక వెలమాట వినుడు. 1959లో చేయబడిన యొక మార్టిన్ గిటారు 2020 జూన్ నెలలో వేలమునందు అఱువదిలక్షల డాలర్లకు పైగా పలికెను. అది బంగారముతో చేసినది గాదు. కర్ట్ కొబేన్ అను గాయకుడు 1993లో నొక ప్రసిద్ధమైన కచేరిలో దానిని వాయించెను. ఆ గిటారు ఆ గిటారే యని నిరూపించు సాక్ష్యము చెదరక నిలిచినది. సాక్ష్యమే లేనిచో అదియు నొక పాతచెక్కపెట్టెయే.

మన తర్కమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. కన్నులార చూచుట ప్రత్యక్షము. కొండపై పొగను చూచి నిప్పున్నదని యూహించుట అనుమానము. ఆవును పోలియుండునని విని, అడవిలో గవయమును గుర్తించుట ఉపమానము. నమ్మదగినవాని మాట శబ్దము. గిటారు పరీక్షకులు ఈ పేర్లనెఱుగరు గాని, ఈ నాలుగింటినే వాడుచున్నారు.

వారి అనుమానమున కొక యుదాహరణము చెప్పెదను. మార్టిన్ సంస్థవారు మేలైన గిటారులకు ప్రక్కలను వెనుకపలకను చాలకాలము బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్డుతో చేసిరి. అది దొరకుట కష్టమైనందున 1969లో భారతదేశపు రోజ్‌వుడ్డునకు మాఱిరి. అదియే మన యడవులలోని జిట్రేగి, ఇరుగుడు అని పిలువబడు చెట్టు. కావున ఆ సంస్థవారి గిటారు నొకదానిని చూపి ఎవడైన “ఇది 1950నాటిది” యనిన, చెక్క ఇరుగుడైనచో పరీక్షకుడు వెంటనే సందేహించును. మన యడవిచెట్టు అమెరికా గిటారు వయస్సునకు సాక్షి యైనది!

విద్యుద్గిటారులలో నింకొక సూక్ష్మము గలదు. లోపలి చిన్న విద్యుత్పరికరముపై అది తయారైన సంవత్సరమును వారమును తెలుపు అంకెలు తఱచుగా ముద్రింపబడి యుండును. ఆ భాగము మొదటినుండి దానిలోనే యున్నదైనచో, గిటారు అంతకంటె ముందు పుట్టియుండదు. కాని ఆ భాగము తరువాత మార్చబడినదైనచో ఆ యంకె గిటారు వయస్సును చెప్పదు. కావున ఒక గుఱుతును నమ్మి తీర్పు చెప్పరాదు. గుఱుతులన్నియు నొకదానితో నొకటి పొసగవలెను.

లిఖితమును సైతము వారు కన్నుమూసికొని నమ్మరు. మార్టిన్ గిటారులపై 1898 వఱకు “న్యూయార్క్” అనియే ముద్ర యుండెడిది. కాని వంశము నాజరెత్‌కు తరలి అప్పటికి దాదాపు అఱువదియేండ్లాయెను. వ్యాపారసౌకర్యమునకై పాతయూరిపేరే నిలిపిరి. ముద్రను మాత్రమే చదివినవాడు ఆ గిటారు న్యూయార్కున పుట్టినదనును. చరిత్ర చదివినవాడు నవ్వును. శబ్దమును ఇతరప్రమాణములతో సరిచూడవలె ననుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఇప్పుడు మన సీమకు వత్తము. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము రెండు భాషలు, రెండు సంగీతసంప్రదాయములు కలియు చోటు. ఆదోని తాలూకా 1953 వఱకు బళ్లారిజిల్లాలోనిదే. ఆలూరుప్రాంతపు చిప్పగిరిలో విజయదాసులవారు 1755లో కాలధర్మము నొందిరి. ఆ హరిదాసుల తంబురానాదము ఈ పల్లెలలో ఇప్పటికిని వినబడుచున్నది. తుంగభద్రాతీరమున మంత్రాలయమున 1671లో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామివారు పూర్వాశ్రమమున వీణావిద్వాంసుల వంశమున జన్మించినవారు. వారి ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పెనని మఠసంప్రదాయము చెప్పుచున్నది. కావున మన ప్రాంతమున పాతయిండ్లలో, భజనమందిరములలో వీణలును తంబురాలును కనబడుట ఆశ్చర్యము గాదు. వానిని గుర్తించుటయెట్లు?

మొదట ప్రత్యక్షము. వీణ నెదుట నుంచుకొని కుండ, దండి, యాళిముఖము అను మూడుభాగములను చూడుడు. మూడును ఒకే దుంగలో తొలిచినదైన దానిని ఏకాండవీణ యందురు. వేఱువేఱుగా చేసి అతికినదైన అతుకువీణ. కుండయు దండియు కలియుచోట వెలుతురున పరికింపుడు. కఱ్ఱలోని చారలు ఇటునుండి అటు తెగక సాగినచో ఒకే దుంగ, తెగినచో అతుకు. అతుకును కప్పుటకు అచ్చట నగిషీపట్టీ వేయుట పరిపాటి గనుక, పట్టీని చూచి సరిపెట్టుకొనక దాని యంచును చూడవలెను. కుండపై నుండు పలక మాత్రము ఏకాండమునందును వేఱుగానే యుండును. దానిని చూచి అతుకని భ్రమపడరాదు.

పిమ్మట కఱ్ఱ. వీణకు పనసకఱ్ఱ శ్రేష్ఠమని శిల్పులు చెప్పుదురు. క్రొత్తది పసుపువన్నెగా నుండి, కాలము గడచినకొలది గోధుమవన్నెకు తిరుగును. పైపూత వేసి వన్నెను దాచవచ్చును గాని, కుండలోపలి వన్నెను దాచుట కష్టము. ఒరపిడిగుఱుతులును అట్టివే. వైణికుని ఎడమచేయి తఱచుగా తాకుచోట దండి నునుపెక్కును. మెట్లపై తీగెల జాడలు పడును. సంవత్సరముల సాధన చేసిన పని యిది; ఒక దినమున కృత్రిముగా చేసిన దొరకిపోవును.

ఏకాండవీణలకు పేరెన్నికగన్నది బొబ్బిలి. ఆ పట్టణమునకు చేరువ గొల్లపల్లిలో సర్వసిద్ధివంశమువారు తరతరములుగా పనసదుంగను తొలిచి వీణలు చేయుచున్నారు. ఆ వీణకు 2011-12లో భౌగోళికసూచిక యను ప్రభుత్వపు గుర్తింపు లభించినది. అది యూరిపేరును కాపాడును. కాని మీ యింటి వీణను ఏ శిల్పి, ఏ సంవత్సరమున, ఎవరికొఱకు చేసెనో అది చెప్పదు. మార్టిన్ వంశమువారు 1898లో ప్రారంభించిన చిన్నపని, అనగా ఒక సంఖ్య, ఒక లెక్క, మన శిల్పులలో ఆచారము గాలేదు. శిల్పి తన పేరును దాచికొనుట వినయమే. చరిత్రకు మాత్రమది నష్టము.

తంబురాలకు సులభమైన గుఱుతొకటి గలదు. అడుగుభాగము పనసకఱ్ఱతో తొలిచినదైన తంజావూరుమాదిరి. ఎండిన పెద్దబుఱ్ఱతో చేసినదైన మిరజుమాదిరి. మిరజు మహారాష్ట్రములోని యూరు. పందొమ్మిదవ శతాబ్దినుండి సితారులకును తంబురాలకును ప్రసిద్ధము. 2024లో దానికిని భౌగోళికసూచిక వచ్చినది. మన సీమ ఈ రెండుదిక్కులకును నడుమ నుండుటచే, తంబురా అడుగును తట్టి చూచిన, అది యే దిక్కు సంప్రదాయమునకు చెందినదో తెలియును.

ఇక ఉపమానము. కాలము తెలిసిన వాద్యముతో కాలము తెలియని వాద్యమును పోల్చవలెను. కెప్టెన్ డే అను ఆంగ్లసైనికుడు 1891లో దక్షిణదేశపు సంగీతవాద్యములపై చిత్రములతో నొక గ్రంథమును ప్రకటించెను. వంగదేశపు రాజా శౌరీంద్రమోహన ఠాకూరు 1876లో బెల్జియమురాజునకు సుమారు నూఱు భారతీయవాద్యములను కానుకగా పంపెను. అవి బ్రస్సెల్సు నగరపు వాద్యప్రదర్శనశాలకు చేరినవి. అవన్నియు 1876కు ముందువే యని నిశ్చయముగా చెప్పవచ్చును గదా! మన వాద్యము సముద్రముదాటి పోయి అచ్చట తేదీ గలదై, పుట్టినగడ్డపై మన యింటియటకమీద తేదీ లేనిదై యున్నది. ఇది విచారింపదగినమాట.

శబ్దప్రమాణమునకు వత్తము. “ఈ వీణ మా పూర్వులకు విజయనగరప్రభువు లిచ్చినది” అని కొన్ని యిండ్లలో చెప్పుట గలదు. పెద్దలమాటను తేలికగా త్రోసిపుచ్చరాదు, పరీక్షింపక అంగీకరింపనురాదు. రామామాత్యుడు 1550లో విజయనగరమున స్వరమేళకలానిధిని రచించి అప్పటి వీణాభేదములను వివరించెను. నేడు మనము చూచు ఇరువదినాలుగు మెట్ల వీణ, తంజావూరున రఘునాథనాయకుడు రాజ్యమేలిన కాలమున, అనగా 1600 మొదలు 1634 వఱకు గల నడుమకాలమున రూపుదిద్దుకొన్నదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. కృష్ణదేవరాయలు 1529లో గతించెను. కావున వంశమున వీణావిద్య ఆ కాలమునుండి వచ్చియుండవచ్చును; చేతిలోని యీ వీణ ఆ కాలపుదనుటకు మాత్రము వేఱు ప్రమాణము కావలెను. విద్య వయస్సు వేఱు, వాద్యము వయస్సు వేఱు. ఈ రెండింటిని కలిపివేయుటచేతనే మన యిండ్లలో పొరపాటులు పుట్టుచున్నవి.

ఒక భేదమును మఱవరాదు. గిటారు సేకర్తలు ఏ భాగమును మార్చని దానికే గొప్పవెల నిత్తురు. పైపూత మరల వేసినను దాని విలువ తగ్గును. మన వీణ యట్టిది గాదు. మెట్లు మైనమున నిలిచియుండును. మైనము కరగును, ఎండును, బీటలువాఱును. అందుచే అప్పుడప్పుడు మేళము మరల కట్టింపవలెను. తీగెలు మాఱును, బిరడలు అరుగును. మేళము క్రొత్తదైనంతమాత్రమున వీణ క్రొత్తది గాదు. మేళము కట్టింపని వీణ పాతదైనను మూగది. కావున మన వీణపరీక్షలో మరమ్మతు కళంకము గాదు. అది చరిత్రలో నొక పంక్తి. ఎవరు, ఎప్పుడు, ఏది మార్చిరో వ్రాసియుండవలెను, అంతియే.

ఈ నాలుగు ప్రమాణములును కలిసిన యుదాహరణ మొకటి నా యనుభవమునుండి చెప్పెదను. కొన్నియేండ్లక్రింద తుంగభద్రకు చేరువనున్న యొక గ్రామపు భజనమందిరమున బుఱ్ఱతో చేసిన పెద్దతంబురాను చూచితిని. ఎనుబదియేండ్లు దాటిన పెద్దయొకరు, “అయ్యవారూ, మా జేజినాయన దీనిని పడమటిదిక్కునుండి రైలుబండిలో తెచ్చినాడని మా నాయన చెప్పేవాడు” అనిరి. మదరాసునుండి వచ్చు రైలుమార్గమును బొంబాయినుండి వచ్చు రైలుమార్గమును 1871లో రాయచూరుకడ కలిసినవి. పెద్దలమాట నిజమైనచో, పడమటినుండి రైలులో మన సీమకు వచ్చిన వాద్యము అంతకు ముందు వచ్చియుండదు. బుఱ్ఱ మిరజుమాదిరి యని కన్ను చెప్పినది. దిక్కు పెద్దలమాటతో సరిపోయినది. కాలపు పైహద్దు దొరకినది. పెద్దల తాతగారి జీవితకాలము క్రిందిహద్దును చూపినది. వారు చెప్పినదంతయు నేను పుస్తకమున వ్రాసికొంటిని.

తరువాత రెండేండ్లకు మరల పోయితిని. ఆ పెద్దలు గతించిరి. ఊరూర తిరుగు వర్తకుడొకడు వచ్చి, పాతదానికి బదులుగా మెఱయు క్రొత్తతంబురా నిచ్చి, దానిని గొనిపోయెను. “పాతది బీటలు వాఱినది, శ్రుతి నిలువలేదు, క్రొత్తది వచ్చినది గదా” యని యువకులు సంతోషించుచుండిరి. వారిని నేను తప్పుపట్టను. భజనకు శ్రుతి కావలెను. కాని అది యెవరు తెచ్చిరో, ఎట్లు వచ్చెనో ఆ యూర నెఱిగినవారు ఇక లేరు. వాద్యము పోయినది, ఊరికి మిగిలినది నా పుస్తకములోని ఆఱు పంక్తులు.

పెద్దలారా, మీకు నేను విన్నవించునది యిదియే. వాద్యమును అమ్మవలదని చెప్పుటకు నాకధికారము లేదు. ఎవరి యవసరములు వారికుండును. అమ్ముటకు ముందు, ఇచ్చుటకు ముందు, అటక యెక్కించుటకు ముందు దానిని వ్రాయుడు. ఒక నోటుపుస్తకము చాలును. వాద్యము పేరు, నిలువుకొలత, కుండ లేక బుఱ్ఱ చుట్టుకొలత, ఏ కఱ్ఱ, ఏకాండమో అతుకో, మెట్లెన్ని, తీగెలెన్ని, ఏ మరమ్మతులు జరిగినవి, ఎవరు తెచ్చిరి, ఎవరు వాయించిరి, ఈ సంగతి ఎవరు చెప్పిరి, ఏ తేదీన చెప్పిరి, ఇవన్నియు వ్రాయవలెను. కన్నులార చూచినదానిని ఒకపుటలో, వినినదానిని ఎదుటిపుటలో వ్రాసిన మఱియు మేలు. తరువాతివారు రెండింటిని సరిచూచుకొందురు. మనుమలచేత ముందు, వెనుక, ప్రక్క ఛాయాచిత్రములు తీయించి ఆ పుస్తకముననే అంటింపుడు.

చేయరాని పనులును గలవు. పాతవీణను నీటితో కడుగరాదు. మెఱుగుకొఱకు క్రొత్తపూత వేయరాదు. లోపల అంటించిన కాగితపుముక్కను, గీసిన అక్షరమును చెఱుపరాదు. నగిషీ ఏనుగుదంతముతో గాని జింకకొమ్ముతో గాని చేసినదేమో పరికింపుడు. దంతపునగిషీ వాద్యమున మొదటినుండి యున్నదైన, అది తఱచు పాతకాలపు గుఱుతు; తరువాతి వీణలలో ప్లాస్టిక్కు వచ్చినది. అయితే వన్యప్రాణిసంరక్షణకై చేసిన 1972 చట్టమును, దానికి 1986లోను 1991లోను జరిగిన సవరణలును దంతపు వర్తకమును నిషేధించినవి. అట్టి వాద్యమును వర్తకునిమాట నమ్మి అమ్మిన, వెలకంటె చిక్కు ఎక్కువ వచ్చును. ముందుగా అటవీశాఖవారిని విచారింపవలెను.

పత్తిని చూచి పింజ చెప్పగలవారు మీలో గలరు. నేతను చూచి మగ్గము చెప్పగలవారు గలరు. ఆ కన్నే వీణవైపు త్రిప్పుడు. మార్టిన్ వంశపు శిల్పి 1898లో గిటారులోపల సంఖ్య వేసినపుడు అఱువదిలక్షల డాలర్ల నూహించియుండడు. తన పనికి లెక్క యుంచుకొనెను, అంతే. మనమును అట్టి లెక్కయే యుంచుకొందము. వెల వచ్చునో రాదో, మన మనుమలు “ఇది యెవరిది?” యని యడిగిననాడు ఉత్తరముండును.